గ్రీకు పురాణాల టెస్ట్‌కు ఇంట్లో పిల్లలచేత రివ్యూ ఎలా చేయించాలి

అమెరికాలో చదువుకునే పిల్లలకు గ్రీకు పురాణాలు ఏదో ఒక క్లాసులో తప్పకుండా తగులుతాయి. కాలిఫోర్నియాలో అయితే సిక్స్త్ గ్రేడ్ సోషల్ స్టడీస్‌లో ప్రాచీన గ్రీసు పాఠంతో కలిసి వస్తాయి. చాలా రాష్ట్రాల్లో ఫోర్త్ గ్రేడ్ ఇంగ్లీషులోనే ‘హెర్క్యులియన్’ లాంటి పురాణపు మాటలకు అర్థం తెలియాలంటారు. టెస్ట్ దగ్గరపడగానే పేర్లతో నిండిన స్టడీ గైడ్ ఒకటి ఇంటికొస్తుంది. మనమేమో రామాయణ భారతాలు వింటూ పెరిగినవాళ్లం. క్రోనస్ ఎవరో, డిమీటర్ ఎవరో మనకు చెప్పినవాళ్లు లేరు. దాంతో ఆ కాగితం పట్టుకుని ‘పొసైడన్ ఎవరు? సముద్ర దేవుడు. హర్మీస్ ఎవరు? దేవతల దూత’ అని అప్పజెప్పించుకుని, రివ్యూ అయిపోయిందనుకుంటాం.

అప్పజెప్పడంతో మ్యాచింగ్ ప్రశ్నలు గట్టెక్కుతాయి. ‘డిమీటర్ పంటలు ఎందుకు ఆపేసింది?’ అని మూడు వాక్యాలు రాయమంటే మాత్రం పెన్ను కదలదు. ఇవి కథలు, కథగా చెప్పగలిగితేనే వచ్చినట్టు. కాబట్టి ఈ రివ్యూలో పిల్లలు చెప్పాలి, మీరు వినాలి, మలుపు వచ్చిన ప్రతిచోటా ‘ఎందుకు?’ అని అడగాలి. మీకు కథ తెలియకపోవడం ఇక్కడ నిజంగా కలిసొస్తుంది. తెలిసినవాళ్లకు చెప్పేటప్పుడు పిల్లలు సగం మింగేస్తారు, తెలియనివాళ్లకు మొదటినుంచీ చెప్పక తప్పదు. మూడు సాయంత్రాలు, పూటకు ముప్పావుగంట చాలు.

ముందు టెస్ట్‌లో ఏముందో తేల్చుకోండి

స్టడీ గైడ్, క్లాస్ నోట్స్, క్లాసులో చదివిన పాఠం మూడూ బల్ల మీద పెట్టించండి. ఏ దేవుళ్లు, ఏ కథలు, మ్యాప్ ఉందా, రోమన్ పేర్లు అడుగుతారా, సొంతంగా రాసే ప్రశ్నలు ఎన్ని అన్నది పిల్లల నోటే చెప్పించండి. గైడ్‌లో లేని కథల జోలికి ఈ మూడు రోజులూ పోవద్దు.

ఒక్క నియమం మొదటే పెట్టుకోవాలి: కథ రెండు రకాలుగా కనిపిస్తే క్లాసులో చదివిన పాఠానిదే చివరి మాట. గ్రీకు పురాణాలకు ఒకే మూలగ్రంథం లేదు. ప్రేమదేవత అఫ్రొడైటీ సముద్రపు నురగలోంచి పుట్టిందని ప్రాచీన గ్రీకు కవి హీసియడ్ అంటాడు, దేవతల రాజు జ్యూస్ కూతురని ఇంకో కవి హోమర్ అంటాడు. ఒలింపస్ కొండ మీద ఉండే పన్నెండుమంది పెద్ద దేవుళ్ల, అంటే ఒలింపియన్ల జాబితాలో కొందరు హెస్టియాను రాస్తారు, కొందరు ఆమె స్థానంలో డయనైసస్‌ను రాస్తారు. ముట్టుకున్నదల్లా బంగారం కావాలని కోరుకున్న మైడస్ తన కూతురినే బంగారు బొమ్మగా మార్చేశాడన్నది మనలో చాలామందికి తెలిసిన కథే. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో ఆ కూతురే లేదు, 19వ శతాబ్దపు అమెరికన్ రచయిత హాథార్న్ ఆమెను చేర్చాడు. నెట్‌లో వెతికితే ఇలాంటివన్నీ కలగాపులగంగా దొరుకుతాయి. పిల్లలు అక్కడ చూసి టెస్ట్‌లో రాస్తే మార్కు పోతుంది, తప్పేమిటో వాళ్లకు అర్థం కూడా కాదు.

ఒక కాగితం మీద మూడు తరాలు గీయించండి

మొదటి సాయంత్రం అంతా దీనికే. కాగితం అడ్డంగా పెట్టి మూడు వరసలు గీయమనండి. పై వరసలో భూమి అయిన గయా, ఆకాశం అయిన యురేనస్. రెండో వరసలో వాళ్ల పిల్లలు టైటన్లు, మొత్తం పన్నెండుమంది. క్రోనస్, రియా, సముద్రాన్ని చుట్టివచ్చే ఓషనస్, జ్ఞాపకశక్తికి దేవత అయిన నెమోసినీ, ప్రొమీథియస్ తండ్రి ఐయపిటస్ వస్తే మామూలు టెస్ట్‌కు సరిపోతుంది. మూడో వరసలో క్రోనస్, రియాల ఆరుగురు పిల్లలు: హెస్టియా, డిమీటర్, హేరా, హేడీస్, పొసైడన్, జ్యూస్.

ఇప్పుడు ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య బాణం గీయించి, అధికారం ఎలా చేతులు మారిందో చెప్పమనండి. యురేనస్ తన పిల్లల్లో కొందరిని భూగర్భంలోనే తొక్కిపెట్టాడు. గయా కొడవలి ఇచ్చి కొడుకుల్ని ఉసిగొల్పింది, క్రోనస్ ఒక్కడే ముందుకొచ్చి తండ్రిని కూలదోశాడు. తర్వాత తనకూ తన బిడ్డ చేతిలోనే ఓటమి అని తెలిసి, పుట్టిన బిడ్డను పుట్టినట్టే మింగేశాడు. ఆరోవాడి దగ్గర రియా బట్టలో చుట్టిన రాయిని చేతికిచ్చి, జ్యూస్‌ను క్రీట్ దీవిలో దాచింది. పెద్దయ్యాక జ్యూస్ తోబుట్టువులను కక్కించి, వాళ్లతో కలిసి టైటన్లతో పదేళ్లు యుద్ధం చేసి గెలిచాడు.

కంసుడి కథ విన్న పిల్లలకు క్రోనస్ చప్పున అర్థమవుతాడు. పోలిక చెప్పండి, వెంటనే తేడా కూడా అడగండి. కంసుడు మేనమామ, క్రోనస్ కన్నతండ్రి. దేవకి బిడ్డలు చనిపోయారు, రియా బిడ్డలు క్రోనస్ కడుపులో బతికే ఉన్నారు. తేడాలు పిల్లలే చెప్పగలిగితే అసలు కథ గట్టిగా వచ్చినట్టే. టెస్ట్ పేపర్లో మాత్రం కంసుడి ఊసు వద్దు, అడిగినదానికే జవాబు రాయాలి.

యుద్ధం అయ్యాక అన్నదమ్ములు ముగ్గురూ చీట్లు వేసుకున్నారు. జ్యూస్‌కు ఆకాశం, పొసైడన్‌కు సముద్రం, హేడీస్‌కు పాతాళం వచ్చాయి, భూమి ముగ్గురికీ ఉమ్మడి. ఈ పంపకం మీద ప్రశ్న తరచు వస్తుంది. హేడీస్ పాతాళంలో ఉంటాడు కాబట్టి పన్నెండుమంది ఒలింపియన్లలో అతణ్ని మామూలుగా లెక్కవేయరు. ఇది కూడా పిల్లలు తప్పు చేసే చోటే.

రోమన్ పేర్లకు వారాల పేర్లు పట్టుకోండి

గ్రీకు పేరు ఒకటి, రోమన్ పేరు ఒకటి అంటే పిల్లలకు టెన్షన్ వచ్చేస్తుంది. కానీ రోమన్ పేర్లలో సగం గ్రహాల పేర్లే, అవి సైన్సు క్లాసులో ఎప్పుడో వచ్చేశాయి. తెలుగు వారాలు తెలిసిన ఇంట్లో ఇది ఇంకా తేలిక. మంగళవారం మార్స్‌ది, అంటే యుద్ధ దేవుడు ఏరీస్. బుధవారం మెర్క్యురీ, అంటే హర్మీస్. గురువారం జూపిటర్, అంటే జ్యూస్. శుక్రవారం వీనస్, అంటే అఫ్రొడైటీ. శనివారం శాటర్న్, అంటే క్రోనస్. ఇక్కడ వంతెన గ్రహం ఒక్కటే, దేవుళ్లు ఒకరని కాదు. మన శుక్రుడు రాక్షసుల గురువు, అఫ్రొడైటీ ప్రేమదేవత. ఆ మాట కూడా పిల్లలకు చెప్పాలి.

ఇందులోనే ఇంకో ముచ్చట ఉంది. సూర్యుడికి దూరంగా వెళ్తూ చూడండి: మార్స్, జూపిటర్, శాటర్న్, యురేనస్. మార్స్ తండ్రి జూపిటర్, జూపిటర్ తండ్రి శాటర్న్, శాటర్న్ తండ్రి యురేనస్. 1781లో విలియం హెర్షెల్ కొత్త గ్రహాన్ని కనిపెట్టినప్పుడు, శాటర్న్ తర్వాత ఉన్నది కనుక శాటర్న్ తండ్రి పేరే పెట్టాలని జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బోడె వాదించాడు. గ్రహాల వరస వచ్చిన పిల్లలకు మూడు తరాల వంశం కూడా వచ్చినట్టే. నెప్ట్యూన్ పొసైడన్, ప్లూటో హేడీస్ అని చేరిస్తే పెద్ద పేర్లు అయిపోయాయి. మిగిలినవి కార్డుల మీద రాసి పెట్టుకోవడమే: హేరా జూనో, డిమీటర్ సీరీస్, ఎథీనా మినర్వా, ఆర్టెమిస్ డయానా, హెఫెస్టస్ వల్కన్, హెస్టియా వెస్టా, డయనైసస్ బాకస్. అపోలో రోమన్లకూ అపోలోనే.

ప్రతి దేవుడి కార్డు వెనక ‘దేనికి దేవుడు’ అన్నదే కాకుండా, అతను చేసిన పని ఒకటి రాయించండి. ఎథీనా జ్ఞానదేవత అని రాస్తే మర్చిపోతారు. ఏథెన్స్ ఊరికోసం పోటీపడినప్పుడు పొసైడన్ ఉప్పునీటి ఊట ఇచ్చాడు, ఎథీనా ఆలివ్ చెట్టు ఇచ్చి గెలిచింది అని రాస్తే, ఊరి పేరు, ఆమె గుర్తు, ఆమె తెలివి మూడూ ఒకేసారి గుర్తుంటాయి.

కథ చెప్పించడం ఇలా

రెండో సాయంత్రం కథలకు. పర్సెఫనీ కథ తీసుకుందాం, చాలా టెస్టుల్లో ఉంటుంది.

మీ అబ్బాయి ఇలా మొదలుపెడతాడు: ‘పర్సెఫనీని హేడీస్ ఎత్తుకెళ్లాడు. వాళ్లమ్మ డిమీటర్‌కి కోపం వచ్చి పంటలు ఆపేసింది. పర్సెఫనీ దానిమ్మ గింజలు తింది. అందుకే చలికాలం వస్తుంది.’ నాలుగు వాక్యాల్లో ముగించి లేవబోతాడు. కూర్చోబెట్టండి.

‘ఎత్తుకెళ్తుంటే ఎవరూ చూడలేదా నాన్నా?’ అని అడగండి. చూశారు. కేక హెకటీ అనే దేవత విన్నది, పైనుంచి సూర్యుడు హీలియస్ చూశాడు. డిమీటర్ కాగడాలు పట్టుకుని తొమ్మిది రోజులు వెతికాక హీలియస్ అసలు సంగతి చెప్పాడు. ‘మరి జ్యూస్ ఏం చేస్తున్నాడు, పర్సెఫనీకి తండ్రి కదా?’ కూతురిని హేడీస్‌కు ఇస్తానని అతనే ముందే ఒప్పుకున్నాడు. అందుకే డిమీటర్ కోపం హేడీస్ ఒక్కడి మీదే కాదు, ఒలింపస్ మీద కూడా. ‘పంటలు ఆగితే మనుషులకు కదా ఆకలి, జ్యూస్ ఎందుకు దిగొచ్చాడు?’ ఈ ప్రశ్న దగ్గర చాలామంది పిల్లలు ఆగిపోతారు. మనుషులు చచ్చిపోతే దేవుళ్లకు బలులు, నైవేద్యాలు ఇచ్చేవాళ్లుండరు. అందుకే హర్మీస్‌ను పాతాళానికి పంపాడు. ‘పంపితే మరి పూర్తిగా ఎందుకు తిరిగి రాలేదు?’ అక్కడి తిండి తిన్నది కాబట్టి.

ఈ నాలుగు ‘ఎందుకు’లూ దాటాక అదే కథ మళ్లీ చెప్పమనండి. ఈసారి మూడు నిమిషాలు పడుతుంది, ఏ ప్రశ్న వచ్చినా అందులో జవాబు ఉంటుంది.

గింజల లెక్క దగ్గర ఆగండి. ప్రాచీన గ్రీకు స్తోత్రంలో ఒక్క గింజే, ఏడాదిలో మూడో వంతు పాతాళంలో ఉంటుంది. ఓవిడ్ కథలో ఏడు గింజలు, ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. మీ క్లాస్ పాఠంలో ఎంత ఉంటే అంత. ఇలా ప్రకృతిలో ఒకటి ఎందుకు అలా ఉందో చెప్పే కథను ‘ఆరిజిన్ మిత్’ అనో ‘ఎటియలాజికల్ మిత్’ అనో టీచర్లు అంటారు, ఆ మాట స్టడీ గైడ్‌లో ఉంటే ఈ కథకే తగిలించి గుర్తుపెట్టించండి.

ప్రొమీథియస్, పండోరా కథలను విడదీయకుండా కలిపి చెప్పించాలి. బలి పంపకంలో కొవ్వు చుట్టిన ఎముకలతో ప్రొమీథియస్ జ్యూస్‌ను మోసం చేశాడు. జ్యూస్ మనుషులకు నిప్పు లేకుండా చేశాడు. ప్రొమీథియస్ బోలు కాడలో నిప్పు దాచి దొంగిలించి తెచ్చాడు. దానికి శిక్షగా అతణ్ని బండకు కట్టేశారు, గద్ద రోజూ కాలేయం తింటుంది, రాత్రికి మళ్లీ పెరుగుతుంది. మనుషులకు శిక్షగా, జాడీ మూత తీసి కష్టాలన్నీ లోకంలోకి వదిలిన పండోరాను పంపారు. ఒకదాని వెంట ఒకటి నడిచే ఈ గొలుసులో ఒక్క లింకు పోయినా పండోరా ఎందుకు వచ్చిందో చెప్పలేరు.

వీరుల కథలకు మ్యాప్ ముందుపెట్టుకోండి

హెరాక్లీస్ (రోమన్ పేరు హెర్క్యులీస్) పన్నెండు పనులు వరసగా అడుగుతారేమోనని పిల్లలు బెంబేలెత్తిపోతారు. గ్రీసు మ్యాప్ తీయండి. మొదటి ఆరూ గ్రీసు దక్షిణ భాగమైన పెలొపొనీస్‌లోనే: నీమియా సింహం, లెర్నా హైడ్రా, బంగారు కొమ్ముల లేడి, ఎరిమాంథస్ అడవిపంది, ఆజియస్ పశువుల కొట్టం, స్టింఫాలస్ పక్షులు. తర్వాత నాలుగూ నాలుగు దిక్కులు: దక్షిణాన క్రీట్ ఎద్దు, ఉత్తరాన థ్రేస్‌లో మనుషుల్ని తినే గుర్రాలు, తూర్పున అమెజాన్ల రాణి హిపాలిటా నడికట్టు, పడమట గెరియన్ ఆవులు. చివరి రెండూ మామూలు మనుషులు పోలేని చోట్లు: లోకం అంచున హెస్పెరిడీస్ తోటలో బంగారు యాపిళ్లు, పాతాళంలో మూడు తలల కుక్క సెర్బరస్. వేలితో మ్యాప్ మీద చూపిస్తూ రెండుసార్లు చెబితే ఇక మర్చిపోరు. అసలు ఈ పనులు ఎందుకు చేయాల్సివచ్చిందన్నది మరవకూడదు. హేరా పంపిన పిచ్చిలో సొంత పిల్లల్నే చంపుకున్నాడు, ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా యురిస్థియస్ రాజుకు సేవ చేశాడు.

మిగతా వీరులకు ఒక్కొక్కరికి ఎవరు పంపారు, ఎవరు సాయపడ్డారు, ఏం పోగొట్టుకున్నారు అని మూడు ప్రశ్నలు చాలు. చిక్కుదారుల భవనంలో దారి తప్పకుండా థీసియస్‌కు ఏరియాడ్నీ దారపు ఉండ ఇచ్చింది. అందులో ఉన్న ఎద్దు తల మనిషి మినోటార్‌ను చంపి వస్తూ నల్ల తెరచాప మార్చడం మర్చిపోయాడు, కొడుకు చచ్చిపోయాడనుకుని తండ్రి ఈజియస్ ప్రాణం తీసుకున్నాడు. చూసినవాళ్లను రాయిగా మార్చే మెడూసాను పర్సియస్ నేరుగా చూడకుండా మెరిసే డాలులో ప్రతిబింబం చూస్తూ నరికాడు. ఆమె మెడలోంచి రెక్కల గుర్రం పెగసస్ పుట్టింది. దాన్ని లొంగదీసి ఎక్కినవాడు బెలెరఫాన్. సినిమాలు చూసి పర్సియస్ అని రాసే పిల్లలు చాలామంది.

ట్రాయ్ యుద్ధంలో హోమర్ చెప్పినదీ, చెప్పనిదీ వేరుచేసి చూపించండి. హోమర్ కావ్యం ఇలియడ్, యుద్ధం పదో ఏట గ్రీకు వీరుడు ఎకిలీస్ కోపంతో మొదలై ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. గ్రీకులు లోపల దాక్కుని ట్రాయ్‌లోకి చొరబడిన చెక్క గుర్రం అందులో రాదు, ఆ కథ హోమర్ ఇంకో కావ్యం ఆడిసీలోనూ, రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనియడ్‌లోనూ ఉంది. మడమ తప్ప ఎకిలీస్ ఒళ్లంతా ఆయుధం దిగదన్న సంగతీ హోమర్‌లో లేదు. ‘ఇలియడ్ దేనితో ముగుస్తుంది?’ అన్న ప్రశ్నకు గుర్రం అని రాసి మార్కు పోగొట్టుకోవద్దు.

నా ఉద్దేశంలో ఈ భాగంలో అన్నిటికన్నా పనికొచ్చేది అతిథి ధర్మం. గ్రీకులు దాన్ని జీనియా అనేవారు, జ్యూసే దానికి కాపలా. గ్రీకు రాజు మెనెలేయస్ ఇంట అతిథిగా దిగి అతని భార్య హెలెన్‌ను ట్రాయ్ రాకుమారుడు పారిస్ తీసుకెళ్లిపోయాడు, యుద్ధం వచ్చింది. గుహలోకి వచ్చిన అతిథులను ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్ తిన్నాడు, కన్ను పోయింది. ట్రాయ్ యుద్ధానికి వెళ్లిన ఆడిసియస్ ఇంట్లో తిష్ఠవేసి అతని సొత్తు తిన్నవాళ్లు అతను తిరిగొచ్చాక చచ్చారు. ఇంటికొచ్చినవాళ్లను ఎలా చూడాలన్నది మన ఇళ్లలో పిల్లలు రోజూ చూస్తున్నదే కాబట్టి ఇది ఒక్కసారి చెబితే పట్టుకుంటారు. ‘గ్రీకులు దేనికి విలువిచ్చేవారు?’ అన్న పెద్ద ప్రశ్నకు మూడు ఉదాహరణలతో జవాబు చేతిలో ఉన్నట్టే. దానికి జంటగా హ్యూబ్రిస్, అంటే దేవుళ్లతో పోటీపడేంత అహంకారం. ఎథీనాకన్నా బాగా నేస్తానన్న అరాక్నీ సాలెపురుగైంది. తనకు ఎక్కువ పిల్లలున్నారని అపోలో, ఆర్టెమిస్‌ల తల్లి లీటోను ఎగతాళి చేసిన నైయబీ పిల్లలందరినీ పోగొట్టుకుంది.

తికమక పేర్లు, పలకడం

చివరి సాయంత్రం సగం దీనికి. ఒకేలా వినిపించే పేర్లను జంటలుగా కార్డు మీద రాసి, ఇద్దరికీ తేడా ఒక్క వాక్యంలో చెప్పమనండి. దారం ఇచ్చిన ఏరియాడ్నీ, నేత నేసిన అరాక్నీ, పరుగుపందెపు అటలాంటా. ముందే ఆలోచించే ప్రొమీథియస్, పండోరాను పెళ్లాడి తర్వాత చింతించిన తమ్ముడు ఎపిమీథియస్. యుద్ధ దేవుడు ఏరీస్, బంగారు యాపిల్ విసిరి ముగ్గురు దేవతలకు తగవు పెట్టిన ఎరిస్. వార్తలు మోసే హర్మీస్, కొలిమి దగ్గర పనిచేసే హెఫెస్టస్.

పలకడంలో రెండు సంగతులు చూసుకోండి. పేరు చివర ఉన్న ‘ఇ’ అక్షరం చాలాసార్లు పలుకుతుంది. పెనెలోప్ కాదు పెనెలపీ, పర్సిఫోన్ కాదు పర్సెఫనీ. ‘సి, హెచ్’ కలిసి వస్తే ‘క’ అనాలి: కేయాస్, కేరన్. సరైన ఉచ్చారణ పక్కన తెలుగులో రాసి పెట్టుకుంటే మీరు ప్రశ్న అడిగేటప్పుడూ తడబడరు. స్పెల్లింగ్‌కు మార్కులుంటే పిల్లలచేత నోటితో కాకుండా కాగితం మీదే రాయించండి.

ఇంగ్లీషులో వాడుకలో ఉన్న మాటలనూ ఇక్కడే ముగించేయండి: ఎకిలీస్ హీల్ అంటే బలవంతుడిలో ఉన్న ఒక్క బలహీనత, ట్రోజన్ హార్స్ అంటే లోపలికి మనమే తెచ్చుకున్న ముప్పు, ఆడిసీ అంటే కష్టాలతో నిండిన సుదీర్ఘ ప్రయాణం. ఒక్కోదాంతో స్కూలు జీవితంలోంచి ఒక వాక్యం చెప్పించండి.

రాసే ప్రశ్నలకు

చిన్న జవాబుకు మూడు వాక్యాలు. మొదటి వాక్యంలో సూటిగా జవాబు, రెండో దాంట్లో కథలోంచి ఒక సంఘటన పేర్లతో సహా, మూడో దాంట్లో దాన్నిబట్టి గ్రీకుల గురించి ఏం తెలుస్తుందో. ‘ప్రొమీథియస్‌ను ఎందుకు శిక్షించారు?’ అంటే, జ్యూస్ మనుషులకు దక్కకూడదన్న నిప్పును దొంగిలించి ఇచ్చినందుకు. బోలు కాడలో దాచి తెచ్చాడు, జ్యూస్ అతణ్ని బండకు కట్టించాడు. దేవుళ్ల మాట దాటితే, మంచి కోసమైనా సరే, శిక్ష తప్పదని గ్రీకులు అనుకునేవారని తెలుస్తుంది. పిల్లలు మూడో వాక్యమే వదిలేస్తారు, మార్కులు ఎక్కువగా పోయేదీ అక్కడే. గైడ్‌లోంచి మూడు ప్రశ్నలు ఎంచి, గడియారం పెట్టి రాయించండి.

పడుకునే ముందు తెల్లకాగితం ఇచ్చి, ఏదీ చూడకుండా మూడు తరాల పటం మళ్లీ గీయమనండి. ఖాళీగా మిగిలిన చోట్లే ఇంకా చదవాల్సినవి, వాటిని మాత్రం పాత కాగితంలో చూసి ఎర్ర పెన్నుతో నింపించి పడుకోబెట్టేయండి. టెస్ట్ రోజు పొద్దున కొత్తదేదీ ముట్టుకోవద్దు. కారులో వెళ్తూ ఆ ఎర్ర పేర్లు ఒక్కసారి అడిగితే చాలు. కాగితాలు మాత్రం పారేయకండి. కాలిఫోర్నియా సిక్స్త్ గ్రేడ్‌లో గ్రీసు తర్వాత రోమ్ కూడా ఉంది, ఇవే దేవుళ్లు అప్పుడు రోమన్ పేర్లతో మళ్లీ వస్తారు.